ఆరంగుళాల మెట్టు

పాలెంలో ఇద్దరు జెస్సీలున్నారు. ఒకరు కుట్టుమిషను జెస్సీ, ఇంకొకరు మెట్ల జెస్సీ. ఇది రెండో ఆవిడ సంగతి. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. చిలకలూరిపేటలో సాల్మన్ గారి ప్లాన్ల ఆఫీసులో పదమూడేళ్ళపాటు కంప్యూటర్ మీద ఇళ్ళు గీసింది. గోడలూ గుమ్మాలూ కిటికీలూ ఎవరైనా గీస్తారు. మెట్ల దగ్గరికొచ్చేసరికి పక్క ఆఫీసుల కుర్రాళ్ళు కూడా పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆవిడ కుర్చీ పక్కకి చేరేవాళ్ళు. "అక్కా, ఇది కుదిరి చావడం లేదు, కాస్త చూడవా" అని బతిమాలేవాళ్ళు. ఆవిడ ముందు నాలుగు చీవాట్లు పెట్టేది, తర్వాత చూసేది.

మెట్లలో అంత చూడ్డానికేముంది అనుకునేవాళ్ళు మోకాళ్ళ నొప్పులున్న మనిషిని వెంటబెట్టుకుని ఒక్కసారి మేడ ఎక్కాలి. కంప్యూటర్‌లో పని తేలికే. కింది నేల నుంచి పై నేల దాకా ఎత్తెంతో చెప్పాలి, మెట్లెన్నో చెప్పాలి. అది భాగించి ఒక్కో మెట్టు ఎత్తు చూపిస్తుంది. దాన్ని రైజర్ అంటారు, అంటే ఒక మెట్టు మీద నుంచి పై మెట్టు మీదకి కాలు ఎంత లేపాలో ఆ కొలత. ఇంతకు మించకూడదని ఒక హద్దు కూడా పెట్టుకోవచ్చు. హద్దు దాటితే తెర మీద మెట్లన్నీ ఎర్రబడతాయి. చాలామంది అప్పుడు మెట్ల జోలికి పోరు, హద్దును పెంచేస్తారు. ఎరుపు పోతుంది, అందరూ హాయిగా టీకి వెళతారు. అలాంటివాళ్ళంటే జెస్సీకి ఒళ్ళుమంట. "ఆ హద్దు పెంచే చేత్తోనే మీ నాయనమ్మని కిందకి తోసెయ్, పనైపోద్ది" అనేది మొహం మీదే.

ఈ పట్టింపు తండ్రి నుంచి వచ్చింది. ఆదాం తాపీ మేస్త్రి. కాలు మొదటి రెండు మెట్లే చూసి ఎక్కుద్ది, మిగతావన్నీ నమ్మకం మీద ఎక్కుద్ది అనేవాడు. పేటలో, నరసరావుపేట రోడ్డులో, హైవే పక్క జిన్నింగ్ మిల్లుల్లో ఆయన కట్టిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. ప్రతి భవనం ముందూ ఒక శిలాఫలకం ఉంటుంది. దాని మీద విరాళమిచ్చినవాళ్ళ పేర్లుంటాయి, రిబ్బను కత్తిరించినవాళ్ళ పేర్లుంటాయి. కట్టినవాడి పేరు చెక్కాలని ఎవరికీ తోచదు. ఆదాంకి ఆ బాధ ఉందో లేదో తెలియదు కాని ఆయన భార్య ఎలీసమ్మకి బాగా ఉండేది. ఆవిడకి చదువు రాదు. ఏ కొత్త భవనం ముందు నుంచి వెళ్తున్నా కూతుర్ని ఆపి, ఫలకమంతా చదివించుకుని, "మీ నాయన పేరు లేదేమే" అనేది.

ఇక్కడ సాల్మన్ గారి గురించి ఒక మంచి మాట చెప్పుకోవాలి, ముందు ముందు చెప్పే వీలుండదు. ఆయన కాంట్రాక్టరు, పాలెం చర్చికి సంఘపెద్ద. ఆదాం ఆయన దగ్గరే ఇరవై ఏళ్ళు పనిచేశాడు. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆదాం పోయేనాటికి జెస్సీ ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదువుతోంది. సమాధి పూడ్చాక సాల్మన్ గారు అందరి ముందూ "ఈ పిల్ల బాధ్యత నాది" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. గుంటూరు వెళ్ళి కొత్త సాఫ్ట్‌వేర్ తాను నేర్చుకుని వచ్చి, పక్కన కూర్చుని ఆ పిల్లకి నేర్పాడు. ఇంట్లో కూడా పని చేసుకోమని ఆఫీసు కంప్యూటర్ ఒకటి పాలెంలోని వాళ్ళింటికి పంపాడు. జెస్సీ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. పిలవడమే కాదు, అలాగే అనుకునేది.

రెండేళ్ళ కిందట పాలెం చర్చికి పై అంతస్తు వెయ్యాలనుకున్నారు. కింద పిల్లల సండేస్కూలు, పెళ్ళి భోజనాలు. పైన ఆదివారం ఆరాధన. సంఘమంతా చప్పట్లు కొట్టింది, వెనక వరస తప్ప. వెనక వరసలో పన్నెండుమంది ముసలమ్మలు కూర్చుంటారు. మిరపకల్లాల్లో గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరీ ఏరీ, పత్తిచేలల్లో నడుము వంచీ వంచీ మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. జెస్సీ తల్లి ఎలీసమ్మ కూడా వాళ్ళలో ఒకతె. అందరిలో పెద్దది మార్తమ్మ. ఆవిడ లేచి నిలబడి, "అయితే మేం ఇంక ప్రభువుని కింద నుంచే కేకేసి పిలుచుకోవాలా?" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అప్పుడు జెస్సీ లేచింది. "నేను గీస్తున్నాగా మార్తమ్మ పెద్దమ్మా. నువ్వు గోడ పట్టుకోకుండా ఎక్కే మెట్లు గీస్తా. ఇది నా మాట" అంది. మామూలుగా మాట తొందరగా ఇచ్చే మనిషి కాదు. ఆ రోజు ఇచ్చేసింది.

ఇచ్చాక దాని కోసం పడరాని పాట్లు పడింది. ఒక శనివారం సాయంత్రం ఆ పన్నెండుమందినీ చర్చి ఆవరణలోకి పిలిచింది. ఇటుకలు పేర్చి, పైన చెక్కలు వేసి, అయిదంగుళాల నుంచి ఎనిమిదిన్నర దాకా రకరకాల ఎత్తుల్లో మెట్లు తయారుచేసింది. ఒక్కొక్కరినీ ఎక్కించి దింపింది, చేతిలో పుస్తకంలో రాసుకుంది. ముసలమ్మలకి అదో తిరనాళ్ళయింది. ఒకరి మీద ఒకరు వేళాకోళాలు. ఆరంగుళాల మీద అందరూ సులువుగా ఎక్కారు. ఏడు మీద సగంమంది తొడ మీద చెయ్యి వేసుకున్నారు. ఎలీసమ్మ ఎనిమిదిన్నర మీద ఒక కాలు పెట్టి, రెండోది లేపలేక అక్కడే కూలబడి, "ఒసే, తల్లిని చంపుకుని ఏం బావుకుంటావే!" అని అరిచింది. మార్తమ్మకి నవ్వాగలేదు.

పై నేల పది అడుగుల ఆరంగుళాల ఎత్తున వస్తుంది. అంటే నూట ఇరవై ఆరు అంగుళాలు. ఆరంగుళాల మెట్లయితే సరిగ్గా ఇరవై ఒకటి. బేసి సంఖ్య కూడా కుదిరింది. ఈ బేసి సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఏ ఇల్లు కట్టినా మెట్లు లాభం, నష్టం, లాభం, నష్టం అని లెక్కపెట్టుకుంటూ ఎక్కుతారు, ఆఖరి మెట్టు లాభం మీద ఆగాలి. గుడి కట్టినా, మసీదు కట్టినా మేస్త్రీలు గొణుక్కుంటూ ఈ లెక్క చూసుకుంటారు. సాల్మన్ గారు సంఘపెద్ద అయివుండి కూడా అందుకు మినహాయింపు కాదు. పాస్టరు గారు "ప్రభువు మందిరానికి లాభనష్టాలేంటయ్యా" అంటే, "కట్టేది మనుషులే గదండీ" అన్నాడు.

జెస్సీ ఫైలులో ఇరవై ఒకటి వేసింది. రైజర్ ఆరు. హద్దు ఏడు. మధ్యలో తిరిగే చోట వెడల్పాటి ల్యాండింగ్. కాగితం అచ్చు తీసి సాల్మన్ గారికి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు.

"చోటు చాలా తినేస్తందమ్మాయ్. పదిహేను చెయ్. మూడడుగులు మిగిలిద్ది, ముందు ఒక గది పడిద్ది. కమిటీ కూచోడానికి" అన్నాడు.

"పదిహేనంటే ఎనిమిదింబావు దాటుతుంది బాబాయ్. పెద్దాళ్ళు ఎక్కలేరు."

"ఏళ్ళ తరబడి ఎక్కుతున్నారు అందరూ, తొమ్మిదంగుళాలు కూడా ఎక్కుతున్నారు."

"నేను మాటిచ్చా బాబాయ్."

ఆయన నవ్వి, "సరేలే, నీ ఇష్టం" అన్నాడు. ఆ నవ్వు చూసి జెస్సీ నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది. పదమూడేళ్ళలో ఆ మనిషి ఆమెతో అబద్ధం ఆడింది లేదు మరి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి పొదిలిలో ఒక కల్యాణమండపం పని వచ్చింది. పాత భవనం కొలతలు తీసి, కొత్త నక్షా గీసి, అక్కడే ఉండి చూసుకోవాలి. సాల్మన్ గారు జెస్సీని పంపాడు. మూడు నెలల పని. మధ్యలో రెండుసార్లు ఇంటికి వచ్చింది, అప్పటికి చర్చి మెట్లు మొదలు కాలేదు. తర్వాత ఫోన్‌లో అడిగినప్పుడల్లా ఎలీసమ్మ, "బాగా వస్తన్నాయిలే, నువ్వు నీ పని చూసుకో" అనేది. అంత ముక్తసరిగా మాట్లాడే మనిషి కాదు ఎలీసమ్మ. జెస్సీకి అప్పుడు ఆ తేడా పట్టలేదు.

ఈస్టరు తర్వాత ఆదివారం కొత్త అంతస్తు ప్రతిష్ఠ. జెస్సీ తెల్లవారుజామున పొదిలిలో బస్సెక్కి నేరుగా చర్చికే వచ్చింది. ఆవరణలో రంగు కాగితాల తోరణాలు, బిర్యానీ వాసన, మైకులో పాటలు. మెట్లకు ముందు కొత్తగా ఒక చిన్న గది కనిపించింది. దాని గుమ్మం పక్కన నల్లరాయి ఫలకం, దాని మీద పసుపు అక్షరాలు: "ఆదాం మేస్త్రి జ్ఞాపకార్థం."

ఆమె అక్కడే నిలబడిపోయింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. పోయిన పదిహేనేళ్ళకి తండ్రి పేరు ఒక గోడ మీద కనిపించింది. సాల్మన్ గారు ఎదురైతే రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఈ గది ఎక్కడి నుంచి వచ్చిందని ఆ క్షణంలో ఆమెకు తోచనే లేదు. చదువుకున్న పిల్ల, కొలతలు తెలిసిన పిల్ల, మూడడుగుల చోటు ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆలోచించలేదు. నాన్న పేరు చూస్తే ఎవరికి కొలతలు గుర్తుంటాయి?

మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే తెలిసింది. కాలు ఎక్కడికో వెళ్ళాల్సి వచ్చింది. పైదాకా లెక్కపెట్టింది, పదిహేను. సంచిలోంచి టేపు తీసి, పట్టుచీరల్లో తనను దాటుకుంటూ వెళుతున్న జనం మధ్యలో కూర్చుని కొలిచింది. ఎనిమిది అంగుళాల మీద ఇంకా దాదాపు సగం. తల తిప్పి చూస్తే కింద ముసలమ్మలు గుంపుగా నిలబడి మెట్ల వంక చూస్తున్నారు. ఎవరో కుర్చీలు తెచ్చి వాళ్ళను అక్కడే కూర్చోబెట్టారు. వాళ్ళకు పైన పాటలూ ప్రసంగం వినపడాలని గోడకి ఒక స్పీకరు బాక్సు తగిలించారు. ముందే సిద్ధం చేసి పెట్టారన్నమాట, బాక్సుకి మేకు కూడా కొత్తగా ఉంది.

మార్తమ్మ ఒక్కతే కుర్చీ వద్దంది. "జెస్సీ మాటిచ్చింది. ఎక్కుతా" అని గోడ పట్టుకుని, రొప్పుకుంటూ, పైదాకా ఎక్కింది. ఆరాధన అయ్యాక దిగేటప్పుడు నాలుగో మెట్టు దగ్గర పడింది. మణికట్టు విరిగింది. జెస్సీ ఆవిడను ఆటోలో పేట ఆసుపత్రికి తీసుకెళుతుంటే, దారంతా ఆవిడ ఒక్క మాటే అడిగింది. "ఎందుకిట్టా చేశావే?"

మర్నాడు సెంట్రింగ్ మేస్త్రి జాన్ బాషా దగ్గరికి పరుగెత్తింది. ఆదాంతో కలిసి పనిచేసిన మనిషి, మెట్ల స్లాబు పోసింది ఆయనే.

"ఇరవై ఒకటి కదా మేస్త్రీ, పదిహేను ఎట్లా పోశావ్?" అంది.

బాషాకి కోపం వచ్చింది. "నన్నడుగుతావేంటి జెస్సమ్మా? సాల్మన్ గారు నోటితో చెబితే నేను పొయ్యనన్నా. జెస్సమ్మ కాగితం తెస్తేనే పోస్తానన్నా. తెచ్చాడు. నీ పేరు చూసే పోశా" అని మడతలు పడ్డ కాగితం తెచ్చి ముందు పరిచాడు. పదిహేను మెట్లు. రైజర్ ఎనిమిది పాయింట్ నాలుగు. కింద మూలన, గీసినది: ఎ. జెస్సీ.

ఆ కాగితం తను తియ్యలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచింది. ఫైలు చివరిసారి మార్చింది ఫిబ్రవరి పన్నెండు, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి. ఆ రోజు ఆమె పొదిలిలో నిచ్చెన మీదుంది. హద్దు ఏడు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. ఎరుపు పోవడానికి ఎవరో పెంచారు. పాత ఫైలు నకలు కూడా కంప్యూటర్ దాచి ఉంచింది, అందులో ఇరవై ఒక్క మెట్లూ బుద్ధిగా ఉన్నాయి. ఆ రెంటినీ అచ్చు తీసి సంచిలో పెట్టుకుంది. ఎవరు చేశారో తెలుస్తూనే ఉంది. నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం దాకా ఆగి, బాబాయ్ తనంతట తనే చెబుతాడేమో చూద్దామనుకుంది. ఎంత పిచ్చిది!

ఆదివారం ఆయన చెప్పాడు. ఆరాధన చివర్లో మైకు తీసుకుని, గొంతు మెత్తగా చేసుకుని మొదలుపెట్టాడు. "మన బిడ్డ జెస్సీ కంప్యూటర్‌లో ఒక అంకె తప్పుగా కొట్టింది. కావాలని చేసింది కాదు. మార్తమ్మ గారి చెయ్యి విరిగింది, మనందరికీ బాధే. కాని మనం క్షమించే ప్రజలం. ఆ బిడ్డ తండ్రి పేరు మన గోడ మీద ఉంది. ఆ తండ్రి మొహం చూసైనా జెస్సీని క్షమిస్తున్నామని అందరూ ఒక్కసారి ఆమెన్ చెప్పండి."

"ఆమెన్" అన్నారు అందరూ. పైన అన్నారు, కింద బాక్సు దగ్గర కూర్చున్నవాళ్ళూ అన్నారు. పక్కనున్న ఆవిడ ప్రేమగా జెస్సీ వీపు నిమిరింది. చెయ్యని తప్పుకి తిట్టినా భరించొచ్చు, తిరిగి నాలుగు తిట్టొచ్చు. చెయ్యని తప్పుకి క్షమిస్తే మనిషి ఏం చెయ్యాలి? జెస్సీ అరవడానికి నోరు తెరిస్తే ముగింపు పాట అందుకున్నారు.

మర్నాడు పొద్దున ఆఫీసులో ఆయన బల్ల మీద రెండు కాగితాలూ పెట్టింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బుకాయిస్తాడనుకుంది. బుకాయించలేదు.

"నేనే మార్చా. మీ నాయన పేరు పెట్టడానికే మార్చా. అంత మంది ముందు నేను మార్చానని ఎట్లా చెప్పేది, సంఘం రెండు ముక్కలవదా? నీకు పోయిందేముందమ్మాయ్, అందరూ క్షమించారుగా."

"మా ఇంట్లోకొచ్చి, నా కంప్యూటర్‌లో, నా పేరు మీద..."

"దొంగతనంగా రాలేదు. తలుపు మీ అమ్మే తీసింది. ఇంట్లో అడుగు" అని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి ఎలీసమ్మ గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. జెస్సీ నిలబడే అడిగింది.

"నేను పొదిలిలో ఉన్నప్పుడు బాబాయ్ మనింటికొచ్చాడా?"

ఎలీసమ్మ చెయ్యి ఆగింది. "వచ్చాడు."

"ఏం చేశాడు?"

"నీ కంప్యూటర్ ముందు కూచున్నాడు, అరగంట. నేనే టీ పెట్టిచ్చా."

"ఎందుకో చెప్పాడా?"

"చెప్పాడు. మెట్లు తగ్గిస్తే చోటొచ్చిద్ది, గది కట్టి మీ నాయన పేరు పెడతానన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. చెబితే ఒప్పుకోవన్నాడు."

"ఇటుకల మీద ఎక్కి చూశావుగా అమ్మా. ఎనిమిదంటే ఎంతో నీ మోకాలికి తెలుసుగా."

"తెలుసు."

"నిన్న బాక్సులో విన్నావుగా, తప్పు నాదన్నాడు. అప్పుడు నువ్వేం చేశావు?"

"అందరూ ఆమెన్ అన్నారు."

"నువ్వు?"

ఎలీసమ్మ చేటలో ఒక రాయి వెతుక్కుంది. "అన్నా" అంది.

జెస్సీ గోడకి జారగిలబడి కూర్చుంది. సాల్మన్ గారు చేసింది కత్తిపోటే, అయినా ఆయన పరాయివాడని ఎప్పటికో ఒకప్పటికి సర్దుకోవచ్చు. తొమ్మిది నెలలు మోసిన మనిషి ఆమెన్ అందంటే ఎక్కడ సర్దుకోవాలో ఆమెకు తెలియలేదు.

"వచ్చే ఆదివారం చెప్పమ్మా. ఆయనొచ్చాడని, నువ్వే తలుపు తీశావని. అంతే, ఇంకేం వద్దు."

"ఆ మెట్లు నేనెక్కలేను తల్లీ."

"కింద నుంచే చెప్పు. వినపడిద్ది."

"చెబితే ఆ రాయి పీకేస్తారే." ఎలీసమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఊరంతా కట్టాడు. ఒక్కచోటన్నా ఆయన పేరుండొద్దా? నీకేం, చిన్నదానివి. పోయిన పేరు మళ్ళీ సంపాదించుకుంటావు. చచ్చినోడు సంపాదించుకోలేడుగా."

ఈ మాటలో న్యాయం లేదని చెప్పడం తేలికే. కాని పాతికేళ్ళు ప్రతి ఫలకం ముందూ ఆగి ఆ పేరు వెతుక్కున్న మనిషి మాట అది. జెస్సీకి అది అర్థమైంది. అర్థమవడం వల్ల నొప్పి ఇంకాస్త పెరిగింది తప్ప తగ్గలేదు. అయినా ఆశ చావలేదు. అందరి ముందూ అడిగితే తల్లి మనసు కరగకుండా ఉంటుందా అనుకుంది.

ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆమె లేచి వెళ్ళి మైకు తీసుకుంది. కాగితాలు రెండూ పైకి పట్టుకుని, తేదీ చెప్పింది, గంట చెప్పింది, ఏది ఎలా మార్చారో చెప్పింది. సగంమందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్ళు సాల్మన్ గారి వంక చూశారు. ఆయన కూర్చున్నచోటి నుంచే, కోపమనేది లేకుండా, "కంప్యూటర్‌లో తేదీలు ఎవరన్నా మార్చొచ్చమ్మాయ్. నేను వచ్చానని చూసిన సాక్షి ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు. ఆయన గొంతులో ధీమా ఉంది. ఎలీసమ్మను ఆయనకీ బాగానే తెలుసు.

జెస్సీ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"అమ్మా" అంది. కింద బాక్సులోంచి ఆ పిలుపు తిరిగి పైదాకా వినిపించింది. "అమ్మా, కింద ఉన్నావుగా. నేను మాట్లాడేది వింటున్నావుగా. ఒక్క మాట చెప్పు. వచ్చాడు అను, చాలు."

అందరూ మెట్ల వైపు తలలు తిప్పి చూస్తున్నారు. కింద ఎవరో దగ్గారు. కుర్చీ ఒకటి కిర్రుమంది, ఎవరో లేస్తున్నారనుకున్నారు. మళ్ళీ కిర్రుమంది, కూర్చున్నారు. పాస్టరు గారు వచ్చి మెల్లగా ఆమె చేతిలోంచి మైకు తీసుకుని, "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

ఆమె పదిహేను మెట్లూ దిగింది. కింద ఎలీసమ్మ తలొంచుకుని కూర్చుంది. కూతురి కాళ్ళు కనిపించగానే, ఎప్పటిలాగే, లేపమని చెయ్యి చాపింది. జెస్సీ ఆ చెయ్యి వంక చూస్తూ నిలబడింది. పక్కన కట్టు కట్టిన చేత్తో మార్తమ్మ వీళ్ళిద్దర్నీ చూస్తోంది. చివరికి జెస్సీ వంగి, చంకల కింద చేతులు వేసి తల్లిని లేపింది. ఇద్దరూ ఇంటికి వెళ్ళారు.

ఇది జరిగి ఏడాది దాటింది. జెస్సీ సాల్మన్ గారి ఆఫీసు మానేసింది. పేటలో బస్టాండు వెనక ఒక జెరాక్సు షాపులో మూల బల్ల అద్దెకు తీసుకుని సొంతంగా ప్లాన్లు గీస్తోంది. కుర్రాళ్ళు ఇప్పుడూ పెన్‌డ్రైవ్‌లతో వస్తారు, మునుపటంత మంది రారు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు కొందరు బల్ల దాకా వచ్చి, "చర్చి మెట్లు గీసింది నువ్వేగా" అని వెనక్కి పోతారు. ఆమె ఇప్పటికీ ఎవరికైనా రైజర్ ఆరే వేస్తుంది, కాదంటే పని వదులుకుంటుంది. నల్లరాయి చర్చి గోడ మీద భద్రంగా ఉంది. ఎలీసమ్మ ప్రతి ఆదివారం దాని పక్కనే కుర్చీ వేయించుకుంటుంది.

ఇంట్లో లోటేమీ లేదు. జెస్సీ పొద్దున్నే వండి పెడుతుంది, వేళకి మాత్రలు ఇస్తుంది, పడుకునే ముందు తల్లి మోకాళ్ళకి నూనె రాస్తుంది. "అన్నం తిను" అంటుంది, "మాత్ర వేసుకో" అంటుంది. అమ్మా అని మాత్రం అనదు. ఆ రోజు మైకులో పిలిచిందే ఆఖరు. ఒక్కోసారి పక్కగదిలోంచి ఎలీసమ్మ ఉన్నట్టుండి, "ఏమే, పిలిచావా?" అని అడుగుతుంది.

"లేదు" అంటుంది జెస్సీ.